పండగనాడు వెలగని పొయ్యి

“శవం నీళ్ళలో దొరికితే నాది, నేల మీద దొరికితే మీది,” అన్నాడు లెఫ్టినెంట్ స్తమాతిస్. “అసలు దొరక్కపోతే ఎవరిదో మీరే చెప్పండి, ఎఫ్తిమియా గారూ. అంతవరకూ కుర్రాడు నా కస్టడీలోనే ఉంటాడు.”

ఇన్‌స్పెక్టర్ ఎఫ్తిమియా గోడ గడియారం వైపు చూసింది. రెండు రాత్రులుగా ఆమెకి సరైన నిద్ర లేదు. పాత్రాస్ పట్నం నుంచి ఈ స్కాలిత్సా రేవుకి జీపులో వచ్చేసరికి కాళ్ళు వాచి బూట్లు బిగుసుకుపోయాయి. ఎదురుగా ఉన్న మనిషి మాత్రం పెళ్ళికొడుకులా ఉన్నాడు. నున్నటి గడ్డం, ఇస్త్రీ మడత నలగని యూనిఫారం. ఈ రేవులో తీర రక్షక దళానికి పెద్ద అతనే. పొద్దున పరిశుద్ధ అంద్రెయ ఊరేగింపులో అపొస్తలుడి పటం పక్కనే నడిచాడు.

“కుర్రాణ్ణి పాత్రాస్‌కి ఎన్నింటికి పంపిస్తున్నారు?” అని అడిగింది.

“అయిదుకి. ప్రాసిక్యూటర్ గారు ఎదురుచూస్తుంటారు. హత్య కేసు. పండగపూట ఆయన్ని ఇంట్లోంచి లాగుతున్నాను, ఆలస్యం చేస్తే బాగోదు.”

“శవం లేకుండా హత్య.”

“సముద్రం ఇచ్చినప్పుడు ఇస్తుంది, మేడం. దానికి మన ఆఫీసు వేళలు తెలీవు.”

అప్పటికి మూడుంబావు అయింది. ఎఫ్తిమియా తనకి తెలిసిన సంగతులు మనసులో ఒకసారి వరసగా పెట్టుకుంది. సరాందిస్ అనే జాలరి మొన్న రాత్రి పడవ తీసుకుని వెళ్ళాడు. గల్ఫు అవతల మెసొలోంగిలో ఇంజను సామాను కొనాలని, పండగనాటికి వచ్చేస్తానని ఇంట్లో చెప్పాడట. ఈ ఉదయం పది దాటాక, ఊరంతా చర్చిలో ఉండగా, స్తమాతిస్ లాంచీకి ఆ పడవ ఖాళీగా కొట్టుకుపోతూ కనిపించింది. అంచు మీద రక్తం ఉంది. గంట తిరక్కుండా పడవలో పనిచేసే అల్బేనియా కుర్రాణ్ణి పట్టుకున్నారు. వాడి మణికట్టుకి సరాందిస్ వాచీ ఉంది. కేసు ఇంత తేలిగ్గా ఒళ్ళో వచ్చి పడితే ఎవరైనా సంతోషిస్తారు. ఆమెకి మాత్రం అలసట ఇంకా పెరిగింది.

“ముందు వాణ్ణి చూస్తాను,” అంది.

కుర్రాడి పేరు బెస్నిక్, ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. గోడకి ఆనుకుని, బేడీలు వేసిన చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఎఫ్తిమియా వాడి ఎదురుగా బల్ల మీద కూలబడింది. స్తమాతిస్ గుమ్మంలో నిలబడి సిగరెట్ వెలిగించాడు.

“ఆ వాచీ ఎక్కడిది?”

“కెప్టెన్ సరాందిస్ ఇచ్చాడు, మేడం.”

“ఎందుకు?”

“నా పండగ అని.” వాడు తల దించుకున్నాడు. “నా పేరు పలకడం కష్టమని కెప్టెన్ నన్ను అంద్రెయాస్ అని పిలుస్తాడు. ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు. అంద్రెయ పండగ నా పేరు పండగ, పుట్టినరోజులాంటిది. మొన్న సాయంత్రమే వాచీ విప్పి ఇచ్చాడు. పండక్కి ఇస్తారు కదా, ఇప్పుడెందుకు అన్నాను. అప్పటికి నేనుంటానో ఉండనో, పెట్టుకో అన్నాడు.”

“ఎంత చక్కగా అల్లాడో చూశారా,” అన్నాడు స్తమాతిస్ పొగ వదులుతూ. “చనిపోయినవాడి చేత దీవెన కూడా ఇప్పించుకున్నాడు.”

“మీరు కాసేపు ఊరుకుంటే మంచిది,” అంది ఎఫ్తిమియా తిరిగి చూడకుండానే. “ఆ రాత్రి పడవలో నువ్వెందుకు వెళ్ళలేదు?”

“రావద్దన్నాడు. తొందరగా పోయి పడుకోమన్నాడు. నా అన్నం గిన్నె మర్చిపోయి మళ్ళీ రేవుకి వెళ్ళాను. కెప్టెన్ గోడ అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పండగ అవ్వగానే పాత్రాస్ వెళ్ళి అంతా చెప్పేస్తాను, ఇక నా వల్ల కాదు అన్నాడు.”

“ఎవరితో?”

బెస్నిక్ కళ్ళు ఒక్క క్షణం గుమ్మం వైపు వెళ్ళి, చుర్రుమన్నట్టు వెనక్కి వచ్చేశాయి.

“చూడలేదు, మేడం. చీకటి.”

లాకప్‌లో ఉన్నవాడు లాకప్ తాళం ఉన్నవాణ్ణి చూసి భయపడటం సహజమే అనుకుంది ఎఫ్తిమియా. నిద్ర చాలని బుర్రకి ఆ పూటకి అంతకంటే తట్టలేదు.

*

పడవ పేరు గరిఫల్యా. సరాందిస్ తల్లి పేరే పడవకి పెట్టుకున్నాడు. రేవు గోడకి కట్టేసి ఉంది. పక్కనే మిగతా పడవలన్నీ నిన్న మధ్యాహ్నం నుంచే వరసగా కట్టి, పండగ కాగితాలతో ముస్తాబు చేసి ఉన్నాయి.

ఎఫ్తిమియా గోడ పట్టుకుని జాగ్రత్తగా పడవలోకి దిగింది. పడవ కాళ్ళ కింద కదిలేసరికి మళ్ళీ గోడ పట్టుకుంది. ఆమె పుట్టింది కొండల మీద. ముప్పై ఏళ్ళుగా సముద్రం పక్కన ఉద్యోగం చేస్తున్నా దానితో స్నేహం కుదరలేదు.

రక్తం కుడి అంచు మీద ఉంది. అరచేయంత మరక, ఎండి నల్లబడింది. దాని పక్కన గీత లేదు, గోటిరక్కు లేదు, ఊడిన బొత్తాము లేదు. ఇద్దరు మగవాళ్ళు ఇంత చిన్న పడవలో ప్రాణాల మీదికి కొట్టుకుంటే బకెట్టయినా బోర్లాపడుతుంది. ఇక్కడ బకెట్టు దాని చోట అది ఉంది. గాలాల బుట్ట మూత తీసింది. గాలాలన్నీ బుట్ట అంచున వరసగా గుచ్చి ఉన్నాయి. తాడు పొడిగా ఉంది. ఎర డబ్బా వాసన చూసింది. ఖాళీ.

“మీ కథ ఇంకొకసారి చెప్పండి,” అంది పైకి చూసి.

స్తమాతిస్ గోడ మీదే నిలబడ్డాడు. “కథ కాదు, జరిగింది. సరాందిస్ మెసొలోంగి వెళ్ళొచ్చాడు. నిన్న రాత్రి ఈ కుర్రాణ్ణి ఎక్కించుకుని వేటకి వెళ్ళాడు. జీతం దగ్గరో, ఇంకెక్కడో మాట పెరిగింది. వీడు కొక్కెం కర్రతో కొట్టాడు, నీళ్ళలోకి తోశాడు, ఒడ్డుకి ఈది వచ్చాడు.”

“ఎర లేకుండా వేటకి వెళ్ళాడా?”

“ఎర అయిపోయి ఉంటుంది.”

“గాలాలు తడవకుండానే?”

“అయితే వేయకముందే గొడవ జరిగింది.”

“పడవ ఎక్కడ దొరికింది?”

“రేవుకి పడమర. తెల్ల రాళ్ళు దాటాక.”

“రెండు రోజులుగా గాలి పడమర నుంచే వీస్తోంది. నా జుట్టు చూస్తేనే తెలుస్తుంది. వదిలేసిన పడవ తూర్పుకి కొట్టుకుపోవాలి కదా?”

స్తమాతిస్ నవ్వాడు. “అడుగున ప్రవాహం ఉంటుంది, మేడం. కొండల మీద పెరిగినవాళ్ళకి మేకలు ఎటు పోతాయో తెలుస్తుంది గాని, నీళ్ళు ఎటు పోతాయో తెలీదు.”

“మేకైనా గాలికి ఎదురు పోనంటే ఎవరో ఒకరు మెడకి తాడు కట్టి లాగాల్సిందే, లెఫ్టినెంట్.”

అతని నవ్వు పూర్తిగా పోలేదు గానీ, పెదాల మీద అలాగే ఆగిపోయింది. “ఈ ఊళ్ళో పాతికేళ్ళ నుంచి ఉన్నాను. సరాందిస్ నాకు పరాయివాడు కాదు. వాళ్ళమ్మాయి ఫానీకి జ్ఞానస్నానం ఇప్పించి నూనె రాసింది నేను. నా చేతుల్లో ఏడ్చిన పిల్ల తండ్రి వాడు. ఆ కుర్రాడి మీద మీకెందుకంత జాలి?”

“జాలి కాదు. తప్పు మనిషిని పంపిస్తే మళ్ళీ మొదటి నుంచి తవ్వుకోవాలి. నాకు ఓపిక లేదు.”

ఆ మాట నిజమే. ప్రతిదానికీ జవాబు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళని ఆమె ఎప్పుడూ నమ్మలేదు. కానీ నమ్మకపోవడం సాక్ష్యం కాదు. ప్రాసిక్యూటర్ ముందు ఎర డబ్బా, గాలి, రెండూ ఊదేస్తే ఎగిరిపోతాయి. వాచీ మాత్రం మిగులుతుంది. పరాయి దేశపు కుర్రాడు, చేతికి చచ్చినవాడి వాచీ. వాడి బతుకు జైల్లోనే తెల్లారిపోతుంది.

“సరాందిస్ ఇంటికి వెళ్తున్నాను,” అంది పైకి ఎక్కుతూ. అతను చెయ్యి అందించలేదు.

*

దారి పొడుగునా కాగిన నూనె వాసన. అంద్రెయ పండగనాడు ఈ తీరంలో బూరెలు వేయించని ఇల్లు ఉండదు. వేయించకపోతే అపొస్తలుడు రాత్రికి వచ్చి పెనానికి చిల్లు పెడతాడని ఆడవాళ్ళు నవ్వుతూనే చెప్పుకుంటారు, నవ్వుతూనే తెల్లారకముందు లేచి పొయ్యి వెలిగిస్తారు. ఎఫ్తిమియా తల్లి కూడా ఈ పొద్దున వేయించే ఉంటుంది. తినే తీరిక ఆమెకి దొరకలేదు.

సరాందిస్ భార్య దెస్పో తలుపు సగమే తెరిచింది. నలభై అయిదేళ్ళ మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు తగ్గించి, “మా అత్తయ్యకి పడవ సంగతి తెలీదు, మేడం. కాళ్ళు పడిపోయినట్టయి చర్చికి కూడా రాలేదు. కొడుకు మెసొలోంగిలో ఉన్నాడనుకుంటోంది. దయచేసి అనకండి,” అంది.

“మీరేమనుకుంటున్నారు?”

“వస్తాడు. కోపమొస్తే ఇలా వెళ్ళిపోవడం ఆయనకి అలవాటే.”

ముసలావిడ గరిఫల్యా వంటింట్లో కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఒళ్ళో పక్కింటివాళ్ళు పంపిన పళ్ళెం. అందులో తేనె కారుతున్న బూరెలు.

“ఎవరే అది? పోలీసమ్మా? రా అమ్మాయీ, కూర్చో. నీ కాళ్ళు నా కాళ్ళకంటే అధ్వాన్నంగా ఉన్నాయి. సరాందిస్ మళ్ళీ ఎవడితోనైనా తగూ పెట్టుకున్నాడా?”

“అతను కనబడితే మాట్లాడదామని వచ్చాను, మామ్మగారూ.”

“పండక్కి వస్తానన్నాడు. పండగ సగం అయిపోయింది. వాడికి వాడి అయ్య పోలిక.” ముసలావిడ ఒక బూరె తీసి ఆమె చేతిలో పెట్టింది. “తిను. పక్కింటిది. ఆవిడకి పాకం పట్టడం రాదు, అయినా తిను. మా ఇంట్లో ఈ యేడు అదీ లేదు.”

దెస్పో మూలనున్న చిన్న స్పిరిట్ పొయ్యి మీద కాఫీ కాచి తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన ఒక ఎండు రొట్టెముక్క. ఎఫ్తిమియా ఒక గుక్క తాగింది. విషంలా చేదుగా ఉంది. చక్కెర ఎంత వెయ్యమంటారని దెస్పో అడగలేదు. ఈ దేశంలో శత్రువుకి కాఫీ ఇచ్చినా ఆ మాట అడిగే ఇస్తారు. చేదు కాఫీ, ఎండు రొట్టె అడక్కుండా ఇచ్చేది ఒక్క చోటే. చావు జరిగిన ఇళ్ళలో కూర్చుని ఎఫ్తిమియా అలాంటి కాఫీ ఎన్నోసార్లు తాగింది.

ఆమె కప్పు కింద పెట్టింది.

“బూరెలు ఎందుకు చెయ్యలేదు, మామ్మగారూ?”

“నన్నడుగుతావేం? ఆ మహాతల్లిని అడుగు.” ముసలావిడ కోడలి వైపు గడ్డం ఎత్తింది. “నేనీ ఇంటికి వచ్చాక పెనం ఎక్కని అంద్రెయ పండగ లేదు. జర్మన్లు పిండంతా ఎత్తుకుపోయిన యేడు పశువులకి వేసే కాయలు దంచి ఆ పిండితో వేయించాను. మట్టిలా ఉన్నాయి, అయినా వేయించాను. ఆయన మాత్రం ఎవరు? మనలాంటి జాలరే. అందరికంటే ముందు ప్రభువు పిలుపు అందుకున్నవాడు. అన్న పేతురుని వెంటబెట్టుకొచ్చింది ఆయనే, పేరేమో అన్నకొచ్చింది. అలాంటివాడికి నాలుగు బూరెలు చెయ్యలేమా?”

“గ్యాస్ అయిపోయిందని చెప్పాను కదా, అత్తయ్యా,” అంది దెస్పో.

“ఎప్పుడు అయిపోయింది?” అని అడిగింది ఎఫ్తిమియా.

“పొద్దున. తెల్లారకముందు. పెనం పెట్టబోతే అయిపోయింది.”

ఎఫ్తిమియా లేచింది. నడుము పట్టేసింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి మీట తిప్పి అగ్గిపుల్ల గీసింది. మంట జానెడు ఎత్తున లేచింది. మీట కట్టేసి, కింద సిలిండర్‌ని బూటుతో కదిలించింది. బరువుగా ఉంది. పక్కనే పిండి సంచీ, మూతి విప్పనిది. నూనె డబ్బా నిండుగా ఉంది.

దెస్పో పొయ్యి వైపు నుంచి మొహం తిప్పుకుంది.

ఇక అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఆ ప్రశ్న ముసలావిడ ఎదురుగా అడగాలని ఆమెకి లేదు. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి ప్రశ్నలు అడిగి అడిగి నోరు అరిగిపోయింది. ప్రతిసారీ ఇదే చివరిది కావాలనుకుంటుంది.

“మామ్మగారూ, మీరు కాసేపు లోపల గదిలో...”

“నా వంటింట్లోంచి నన్ను పంపిస్తావా?” ముసలావిడ పళ్ళెం పక్కన పెట్టేసింది. ఆవిడ చూపు పొయ్యి మీదే ఉంది. “గ్యాస్ ఉంది. పిండి ఉంది. మరెందుకు చెయ్యలేదే?”

దెస్పో గోడకి ఆనుకుంది.

“ఒంట్లో బాగోలేదా? లేదు. తెల్లారకముందే లేచావు, నీ అడుగుల చప్పుడు విన్నాను. మా ఆయన పోయిన యేడు ఒక్కటే...” ముసలావిడ ఆగింది. “మా ఆయన పోయిన యేడు ఒక్కటే ఈ ఇంట్లో పెనం ఎక్కలేదు. మర్చిపోయాను. చావు జరిగిన ఇంట్లో తీపి వేయించరు కదా.”

ఎఫ్తిమియా కిటికీ వైపు చూసింది. అటు చూడటానికి ఏమీ లేదు.

“దెస్పో,” అంది ముసలావిడ చాలా నెమ్మదిగా. “నా కొడుకు ఏడీ?”

దెస్పో గోడ వెంట జారి నేల మీద కూర్చుంది. ఏడవలేదు. రెండు రోజులు లోపల అదిమిపెట్టిన ఏడుపు ఇప్పుడు పిలిస్తే రాలేదు.

“ఈ ఉదయం పదింటి దాకా పడవ ఎవరికీ కనబడలేదు,” అంది ఎఫ్తిమియా. “తెల్లారకముందే మీరు పొయ్యి వెలిగించకుండా మానేశారు. మీ ఆయన పోయాడని ఊరికంటే ముందు మీకు తెలుసు. ఎవరు చెప్పారు?”

“అన్ని అబద్ధాలూ ఆడాను, మేడం,” అంది దెస్పో. “అత్తయ్యతో ఆడాను, పూజారితో ఆడాను, ఫోన్‌లో ఫానీతో నవ్వుతూ మాట్లాడాను. పిండి కలుపుదామని గిన్నె కూడా తీశాను. అదొక్కటీ చేతకాలేదు.”

“ఎవరు చెప్పారు?”

దెస్పో తల అడ్డంగా ఊపింది.

అప్పుడు ముసలావిడ మాట్లాడింది. గొంతు వణకలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం వాటి దారిన అవి కారుతున్నాయి. “శవం ఏదే?”

“సముద్రంలో, అత్తయ్యా.”

“కడగలేదా?”

“లేదు.”

“ద్రాక్షసారాతో మొహమైనా తుడవలేదా?”

“నాకు చూపించలేదు, అత్తయ్యా. అడిగాను. కాళ్ళు పట్టుకున్నాను. అప్పటికే అయిపోయిందన్నాడు.”

“అంద్రెయని వాలు కొయ్యల సిలువకి తాళ్ళతో కట్టినప్పుడు,” అంది ముసలావిడ, “ఆయన వేళ్ళాడుతూ కూడా నోరు మూయలేదు, మాట్లాడుతూనే పోయాడు. ఆయన దగ్గరికి వెళ్ళడానికి ఊళ్ళో మగాళ్ళెవరికీ ధైర్యం చాలలేదు. కట్టించిన గవర్నరు పెళ్ళామే, మాక్సిమిల్లా, మొగుడు చంపుతాడన్న భయం లేకుండా వెళ్ళి దింపింది. తన చేతులతో కడిగి పాతిపెట్టింది. ఆవిడకి ఆయన ఏమవుతాడు? ఏమీ కాడు. నువ్వు నా కొడుకు పెళ్ళానివి. వాణ్ణి చేపలకి వేసినవాడి పేరు కడుపులో దాచుకుంటావా?”

దెస్పో రెండు చేతులతో మొహం కప్పుకుంది. చేతుల వెనక నుంచి మాట వచ్చింది.

“స్తమాతిస్ అన్న.”

ఎఫ్తిమియా మళ్ళీ కుర్చీలో కూర్చుంది. ఆశ్చర్యం కలగలేదు. గాలికి ఎదురు పోయిన పడవని లాగింది ఎవరో అప్పుడు అర్థమైంది. నిన్న మధ్యాహ్నం నుంచీ కట్టేసి లేనిది ఈ రేవులో లాంచీ ఒక్కటే.

“మొన్న రాత్రి కిటికీ కొట్టాడు,” అంది దెస్పో. “రేవు రాళ్ళ మీద కాలు జారి పడ్డాడు, తల పగిలింది, నా చేతుల్లోనే పోయాడు అన్నాడు. రాత్రిపూట పడవలో సుంకం కట్టని సిగరెట్ పెట్టెలు తెచ్చేవాళ్ళు, మేడం. మా ఆయన తెచ్చేవాడు, స్తమాతిస్ అన్న చూడనట్టు ఊరుకునేవాడు. ఈయనకి ఇక వద్దనిపించింది. పోలీసులకి చెప్పేస్తానన్నాడు. ఇప్పుడు చావు బయటపడితే అదంతా బయటపడుతుంది, ఫానీకి స్కూల్లో ఉద్యోగం మొన్ననే వచ్చింది, దొంగ కూతురంటారు అన్నాడు. పండగ అయ్యేదాకా నోరు మూసుకో, తర్వాత సముద్రం తీసుకుపోయిందని అందరికీ నేనే చెప్తాను అన్నాడు. ఫానీకి ఆయన జ్ఞానతండ్రి. దాని మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఎలా నమ్మకుండా ఉంటాను?”

“అంద్రెయాస్‌ని పట్టుకున్నారని మీకు తెలుసా?”

“ఏదో నాలుగు ప్రశ్నలు అడిగి వదిలేస్తానన్నాడు.”

“హత్య కేసు పెట్టాడు. అయిదింటికి పంపిస్తున్నాడు.”

దెస్పో చేతులు కిందికి జారాయి. “వాడు పిల్లాడు, మేడం. వాడికేం తెలుసు?”

ఏం తెలుసో ఎఫ్తిమియాకి తెలుసు. గోడ అవతల మాటలు తెలుసు. ఆ మాటలు తనే వాడి నోట చెప్పించింది, స్తమాతిస్ గుమ్మంలో నిలబడి వింటూ ఉండగా.

గోడకి ఫోన్ ఉంది. లేచి రేవు ఠాణా నంబరు తిప్పింది. సెంట్రీ ఎత్తాడు.

“లెఫ్టినెంట్ గారు లేరు, మేడం. ఇప్పుడే బయల్దేరారు.”

“అయిదింటికి కదా?”

“పండగ బస్సులతో రోడ్డు నిండిపోయింది, లాంచీలో తీసుకెళ్తానన్నారు. పావుగంట అయింది.”

“ఇంకెవరు వెళ్ళారు?”

“ఎవరూ లేరు, మేడం. నన్ను ఇక్కడే ఉండమన్నారు. కుర్రాడికి బేడీలున్నాయి, ఎక్కడికి పోతాడు అన్నారు.”

*

రేవు గోడ పక్క కాఫీ దుకాణం ముందు జాలర్లు కొత్త చొక్కాలు వేసుకుని కూర్చున్నారు. బల్లల మీద గ్లాసులు, కాల్చిన ఆక్టోపస్ ముక్కలు. ఎఫ్తిమియా పరుగులాంటి నడకతో వచ్చి, ఊపిరి అందక ఒక బల్ల పట్టుకుని నిలబడింది.

“ఒక పడవ కావాలి. ఇప్పుడే.”

వాళ్ళలో పెద్దవాడు, మనోలిస్ అనే తెల్లమీసాల మనిషి, టోపీ తీసి మర్యాదగానే చెప్పాడు. “ఈ రోజు విప్పం, మేడం. అంద్రెయ పండగనాడు స్కాలిత్సాలో పడవ విప్పరు. మా తాతలు విప్పలేదు.”

“మనిషి ప్రాణం పోతుంది.”

“ఎవరిది? ఆ అల్బేనియావాడిదా?” అన్నాడు పక్కవాడు. “సరాందిస్‌ని చంపినవాడి కోసం పండగ చెడగొట్టుకోమంటారా?”

ఆమెకి వాదించే శక్తి లేదు. చట్టం చెప్పొచ్చు, బెదిరించొచ్చు, ఈలోగా లాంచీ ఇంకొంచెం దూరం పోతుంది. అసలు వీళ్ళు నమ్మేలా ఏం చెప్పాలో తెలియక ఆమె గొంతు సవరించుకుంటుంటే, మనోలిస్ చటుక్కున లేచి నిలబడ్డాడు. అతని వెనకే అందరూ లేచారు.

గరిఫల్యా వస్తోంది. ఒక పక్క దెస్పో పట్టుకుంది, రెండో చెయ్యి గోడ మీద వేసుకుంది. కాళ్ళకి ఇంటి చెప్పులే ఉన్నాయి. తల మీద గుడ్డ లేదు, నెరిసిన జుట్టు విప్పేసి ఉంది. చావుకే విప్పే ఆ జుట్టు చూడగానే ఆవిడకి తెలిసిపోయిందని వాళ్ళకి అర్థమైంది.

“మనోలీ,” అంది ముసలావిడ. “నా కొడుకు పోయాడు. మొన్న రాత్రే పోయాడు.”

“మామ్మా...”

“అంద్రెయాస్ కాదు చంపింది. చంపినవాడు ఆ పిల్లాణ్ణి కూడా నీళ్ళ మీదికి తీసుకెళ్ళాడు. వాడికి ఈత రాదు. నా కొడుకు నేర్పిస్తానని నేర్పించకుండానే పోయాడు.” ఆవిడ ఊపిరి తీసుకుంది. “పడవ విప్పు.”

“పండగ, మామ్మా.”

“పండగ ఎవరిది? వల వదిలేసి మనుషుల్ని పట్టడానికి వచ్చినవాడిది. ఒక మనిషి మునిగిపోతుంటే నా పండగ అని కూర్చోమంటాడా ఆయన? అంటే నా దగ్గరికి రమ్మను. ఆయనతో నేను మాట్లాడుకుంటాను.”

“లాంచీ పడమరకి పోయింది,” అంటూ మనోలిస్ గ్లాసు కింద పెట్టాడు. వెళ్ళి తాడు విప్పాడు. అతని ఇంజను అంటుకునేసరికి పక్క పడవ తాడు కూడా విప్పారు, దాని పక్కది కూడా. పండగ కాగితాలు తెగి నీళ్ళలో పడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఎఫ్తిమియా మనోలిస్ పడవ ముందుభాగంలో కొయ్యని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. బతికుండు, బతికుండు అని లోపల అనుకుంటూనే ఉంది. ఒక్కటి చాలు, ఇంక ఈ ఉద్యోగం ఏమీ ఇవ్వకపోయినా ఫరవాలేదు అనుకుంది. ఎండ వాలిపోయింది. నీళ్ళ రంగు మారుతోంది.

తెల్ల రాళ్ళు దాటాక లాంచీ కనబడింది. పాత్రాస్ తూర్పున ఉంటే, అది పడమర వైపు, గల్ఫు నడిమధ్యకి వెళ్ళి ఆగి ఉంది. ఇంజను పొగ లేదు. అల ఎటు నెడితే అటు నెమ్మదిగా తిరుగుతోంది.

“మీ కళ్ళు మంచివి,” అంది ఎఫ్తిమియా. “ఎంతమంది ఉన్నారు?”

మనోలిస్ కనుబొమల మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఒక్కడే, మేడం.”

ఆమె కొయ్య మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. ఈ వార్త కూడా వెళ్ళి ఆ ముసలావిడకి తనే చెప్పాలి.

“చెయ్యి ఊపుతున్నాడు,” అన్నాడు మనోలిస్. ముందుకి వంగి మళ్ళీ చూశాడు. “మేడం, ఒక చెయ్యి కాదు. రెండూ కలిపి ఊపుతున్నాడు. విడదీయడం లేదు.”

ఎఫ్తిమియా తల ఎత్తింది. దూరంలో, లాంచీ మీద సన్నటి మనిషి ఒకడు, బేడీలు వేసిన చేతులు రెండూ తల మీదికెత్తి ఊపుతున్నాడు. అరుస్తున్నాడు కూడా. పడవల ఇంజన్ల చప్పుడులో వాడి మాట వినబడటం లేదు. ఆమె గుండెలో లేచిన సంతోషం ఒక్క అలంత సేపు నిలిచింది. వాడి చుట్టూ డెక్ ఖాళీగా ఉంది. చుక్కాని దగ్గర స్తమాతిస్ లేడు.

మనోలిస్ ఇంజను ఆపేశాడు. వెనకనున్న పడవలు కూడా ఒక్కొక్కటే ఆగాయి. అందరూ లాంచీని చూడటం మానేసి, చుట్టూ ఉన్న నీళ్ళలోకి చూడటం మొదలుపెట్టారు.